తూకందారు కూతురు

ఆదోని కోర్టు వెనక, పాత రికార్డు రూము పక్కన
మధ్యవర్తిత్వ కేంద్రమని బోర్డు.
లోపల గుండ్రటి బల్ల.
ఏ మూలా ఎవరిదీ కాకూడదని
గుండ్రంగా చేయించినారంట.
కాలొకటి పొట్టిది. కింద
పాత వకాల్తా కాగితం మడిచి పెట్టినాం.

నల్లకోటు చీలకు తగిలించి కూర్చున్నా.
ఇరవై రెండేళ్లు ఎవరో ఒకరి వైపే నిలబడిన వెన్ను
నడుమ కూర్చోడానికి ఇంకా సరిగా వంగదు.

మొదటే చెప్పినా:
"చెన్నబసప్ప గారి బావమరిది చెక్కు కేసు
తొమ్మిదేళ్ల కింద నేనే వాదించినా.
ఇష్టం లేకుంటే వేరే వాళ్లను అడగొచ్చు."
"పర్లేదు మేడం" అనె ఉరుకుందమ్మ,
బస్సులో కొంచెం జరగమంటే జరిగినట్టు.
ఆ మాట రాసుకున్నా.
ఆమెకు అర్థమైందో లేదో రాసే గడి
ఆ ఫారంలో లేదు.

జిన్నింగు మిల్లులో సగం సగం,
ఆమె మొగుడు ఈరన్న, ఈ చెన్నబసప్ప.
పత్రం లేదు, మాటే పత్రం.
ఈరన్న పోయిన పద్నాలుగు నెలలకు
మాటకు చెదలు పట్టింది.

విడివిడిగా కూర్చోబెట్టినా.
ఫ్యాను చప్పుడు కింద గొంతు దించి
చెన్నబసప్ప అన్నాడు:
"పదకొండు దాకా పోతా మేడం.
ఇది మీ కడుపులో పెట్టుకోండి."
పెట్టుకున్నా.
అతను బయట టీ తాగుతుండగా
ఉరుకుందమ్మ వచ్చె, కొంగుకంటిన
పత్తి నూగు దులుపుకుంటా.
"ఆరు లచ్చలిస్తే సాలక్కా.
నాకు తిరగను శాతగాదు.
పిల్లోని ఐటీఐ ఫీజు కట్టల్ల."

ఆరు. పదకొండు.
నడుమనున్న ఐదు లక్షలు
నా నాలుక మీద కూర్చున్నాయి.

ఆమె వకీలునై ఉంటే
ఒక్క మాటతో లేపేదాన్ని:
లెక్కల పుస్తకాలు బయట పెట్టించు,
మిషన్లకు విలువ కట్టించు,
పద, కోర్టులోనే చూసుకుందాం.
ఇప్పుడా మాట
దవడలో నమలని వక్క.

మా నాయన పత్తి యార్డులో తూకందారు.
బోరానికి చెయ్యి తగిలితే చాలు, బరువు తెలిసేది.
అయినా ముల్లు నిలబడే దాకా నోరు తెరిచేవాడు కాదు.
"చేతికి తెలిసింది చేతిలోనే ఉండల్ల పాపా" అనేవాడు.
ఒకే ఒక్కసారి
ముల్లు మీద ఊదినాడంట.
పోయే ముందు చెప్పినాడు.
ఎవరి వైపో చెప్పలేదు.

"నువ్వు సెప్పక్కా, ఆరు న్యాయమేనా?"
"నేను చెప్పకూడదమ్మా."
"సదువుకున్నదానివి, తెలీదా?"
"తెలిసినా."
దుకాణం తెరిచిపెట్టుకుని
సరుకు లేదనే మనిషిని చూసినట్టు
చూసింది నన్ను.

నాకు మిగిలినవి ప్రశ్నలే.
ఈ ఆరు ఎట్ల లెక్కేసినావు?
మిల్లు లెక్కలు నీ తరఫున ఎవరన్నా చూసినారా?
సంతకం పెట్టే ముందు
వేరే లాయరుకు చూపించుకుంటావా?
మెట్లెక్కితే రెండో గది, న్యాయసేవల ఆఫీసు,
డబ్బులు తీసుకోరు.

చివరిది అడిగేటప్పుడు
నా గొంతు రవ్వంత వాలింది.
అడిగినానా? ఊదినానా?

వచ్చే బుధవారానికి వాయిదా.
చెన్నబసప్ప చెప్పులు తొడుక్కుంటా అన్నాడు,
"ఈ పొద్దే అయిపోతుందనుకుంటి మేడం."
నవ్వుతానే అన్నాడు. నవ్వు కళ్ల దాకా పోలేదు.
ఉరుకుందమ్మ మెట్ల కాడ నిలబడి
పైకి చూసింది, గేటు వైపు చూసింది.
ఎటు పోయిందో చూడకూడదని
కిటికీ మూసినా.

రాసుకున్న చీటీ చించేయాలి, అది నియమం.
ఆరును చించినా. పదకొండును చించినా.
తలలో ఉన్నదాన్ని చించే నియమం
ఇంకా ఎవరూ రాయలేదు.

బల్ల కాలి కింద మడత జారింది.
వంగి మళ్లీ లోపలికి తోసినా.

ఇంటికి పోతే మా ఆయన అడుగుతాడు,
ఈ పొద్దు ఏం కేసు అని.
ఎండ శానా ఉంది అంటా.